పూరింట్లో పుట్టి కోటకెక్కిన వెచ్చని నేల

క్రీ.శ. 945లో చైనాలో పూర్తయిన పాత తాంగ్ వంశ చరిత్రలో, కొరియా ద్వీపకల్పానికి ఉత్తరాన ఒకప్పుడు వెలిగిన గోగుర్యో రాజ్యం గురించి ఓ చిన్న ప్రస్తావన ఉంది. ఆ దేశంలో బీదాబిక్కీ ఎక్కువనీ, చలికాలం వస్తే వాళ్ళు ఇంట్లో పొడవాటి తిన్నె కట్టుకుని దాని కింద నిప్పు రాజేసుకుని వెచ్చబడతారనీ దాని సారాంశం. కొరియా వాళ్ళ నేల వేడి గురించి రాతపూర్వకంగా దొరికే పాత సాక్ష్యాల్లో ఇదొకటి. ఇవాళ సియోల్ నగరంలో ఏ అపార్ట్‌మెంట్ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళినా నేల కింద వేడినీళ్ళ గొట్టాలు పాకి ఉంటాయి. కోటీశ్వరుడి ఇంటికీ కూలివాడి అద్దె గదికీ ఈ ఒక్క విషయంలో తేడా లేదు. దీన్ని వాళ్ళు ఓండోల్ అంటారు. రెండు వేల ఏళ్ళుగా చెక్కుచెదరకుండా వస్తున్న జాతి సంపద అని దీని గురించి గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వాన్ని నేను కాదనను. కానీ సాక్ష్యాలను వరుసగా పేర్చి చూస్తే వేరే కథ కనిపిస్తుంది. ఓండోల్ పైనుంచి కిందికి దిగిన వైభవం కాదు. చలికి తట్టుకోలేని బీదవాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం అది. చాలా ఆలస్యంగా, పదిహేడో శతాబ్దంలో గానీ అది దొరల ఇళ్ళనూ రాజమందిరాలనూ పూర్తిగా ఆక్రమించలేదు. ఆ తర్వాత కట్టెలు పోయాయి, రాళ్ళు పోయాయి, చివరికి ఇంట్లో నిప్పే లేకుండా పోయింది. అయినా అది బతికింది. కారణం, అది పొయ్యిని నమ్ముకుని నిలబడలేదు, నేల మీద బతికే బతుకును పట్టుకుని నిలబడింది.

ముందు దాని పనితనం చూడాలి. సంప్రదాయ ఓండోల్‌లో పొయ్యి వంటింట్లో ఉంటుంది. వంటింటి నేల పక్క గది కన్నా బాగా పల్లంగా ఉంటుంది. పొయ్యి మీద అన్నం, పులుసు ఉడుకుతుంటే, ఆ మంట, ఆ పొగ గోడ అవతల గది నేల కిందికి వెళతాయి. పొయ్యి నోరు దాటగానే ఒక చిన్న గట్టు కడతారు. మంట దాని మీదుగా ఎగిరి దూకాలి. అక్కడ దారి ఇరుకవుతుంది కాబట్టి వేడిగాలి వేగం పుంజుకుంటుంది, వెనక్కి తన్నదు. గట్టు దాటాక నేల కింద వరుసగా పొగ కాలువలు. వాటి మీద బండరాళ్ళు పరుస్తారు. పొయ్యికి దగ్గరగా ఉన్న చోట మందపాటి బండ, దూరం పోయేకొద్దీ పల్చటిది. పైన పూసే మట్టి కూడా అంతే, పొయ్యి దగ్గర మందంగా, అవతల పల్చగా. లేకపోతే ఒక మూల కాలిపోతుంది, ఇంకో మూల మంచులా ఉంటుంది. కాలువల చివర ఒక లోతైన గుంట ఉంటుంది. మసి, బూడిద అందులో పడతాయి, బయటి చల్లగాలి ఎదురు కొట్టినా ఆ గుంటలోనే సుడి తిరిగి ఆగిపోతుంది. ఆ తర్వాతే పొగగొట్టం. మట్టి ఆరాక దాని మీద కాగితం పొరలు పొరలుగా అతికి, సోయా గింజల రసమో నూనెనో పట్టించి రుద్దుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కాగితం నేల తేనె రంగు తిరిగి నిగనిగలాడుతుంది. పొయ్యికి దగ్గరి చోట మాత్రం మాడి గోధుమరంగు మచ్చ కడుతుంది. ఆ మచ్చ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళు కూర్చునే చోటు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వంట చేస్తే చాలు, రాయి తాగిన వేడి రాత్రంతా మెల్లమెల్లగా వదులుతూ ఉంటుంది. వంటకు కాల్చిన కట్టె వృథా పోకుండా మనిషి వీపు కిందికి చేరుతుంది. పైసా కలిసివచ్చే ఈ లెక్క చూస్తేనే ఇది ఎవరి ఇంట్లో పుట్టిందో అర్థమవుతుంది.

పనితనం కన్నా దాని చుట్టూ అల్లుకున్న బతుకు ముఖ్యం. కొరియా ఇంట్లో చెప్పులు బయట విడిచే లోపలికి అడుగుపెట్టాలి. పగలు అదే గదిలో పొట్టి కాళ్ళ పీట లాంటి బల్ల వేసుకుని భోంచేస్తారు. భోజనం కాగానే బల్ల బయటికి పోతుంది. రాత్రికి పరుపు, రజాయి దిగుతాయి. తెల్లారితే మడతపడి బీరువాలోకి వెళతాయి. మంచం, కుర్చీ, మేజా అవసరం లేని గది అది. వెచ్చటి మూల ఇంటి పెద్దకు, వచ్చిన చుట్టానికి. చలి మూల పిల్లలకు, కోడళ్ళకు. బయటికి వెళ్ళిన మనిషి ఆలస్యంగా వస్తే అతని అన్నం గిన్నెకు మూతపెట్టి, గుడ్డ చుట్టి, ఆ వెచ్చటి చోట రజాయి కింద దాచిపెట్టేవాళ్ళు. సోయా ముద్దలు పులియడానికి కూడా అదే చోటు. కాన్పయిన తల్లి ఇరవై ఒక్క రోజులు ఆ వెచ్చని నేల మీదే ఉండి సముద్రపు నాచు చారు తాగేది. మన పల్లెల్లో బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టిన ఇళ్ళు చూసినవాళ్ళకు ఈ పద్ధతి వెంటనే బోధపడుతుంది. తేడా ఒక్కటే. మన కుంపటి కాన్పుకో ముసురుకో వచ్చి వెళ్ళిపోయేది, వాళ్ళది ఇంటి పునాదిలోనే కట్టి ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. పురావస్తు తవ్వకాల్లో ఇంతకన్నా పాత ఆనవాళ్ళు దొరికాయి కదా, పదిహేడో శతాబ్దం అని ఎలా అంటారు అని. నిజమే. క్రీస్తుకు పూర్వమే ఇప్పటి రష్యా తూర్పు కొస, కొరియా ఈశాన్య సరిహద్దు ప్రాంతాల్లో నివసించిన ఓక్‌జో ప్రజల ఇళ్ళలో గోడ వెంబడి పాకే పొగ కాలువలు బయటపడ్డాయి. అలాస్కాకు చెందిన అల్యూషియన్ దీవుల్లో, అమాక్నాక్ అనే చోట, సుమారు మూడు వేల ఏళ్ళ నాటి ఇళ్ళలో ఇలాంటి రాతి కాలువలే కనిపించాయి. అంటే చలి దేశాల్లో మనుషులు ఎవరికి వారే ఈ ఆలోచనకు రాగలిగారు. కానీ వీటిలో వేడెక్కేది గదిలో ఒక పక్క మాత్రమే. గోడకు ఆనుకున్న తిన్నె మీద కూర్చోవచ్చు, పడుకోవచ్చు, మిగిలిన నేల మాత్రం చల్లగానే ఉంటుంది. ఉత్తర చైనాలో ఈ రోజుకూ కనిపించే కాంగ్ అనే తిన్నె ఆ దశలోనే నిలిచిపోయింది. పైగా గోగుర్యో దొరలు దాని మీదే బతికినట్టు కనపడదు. 357 నాటి ఆనాక్ మూడో సమాధిలో గోడ నిండా బొమ్మలున్నాయి. వంటిల్లు, పశువుల పాక, మాంసం వేలాడదీసిన కొట్టం, అన్నీ గీశారు. ఆ సమాధిలోని ప్రభువు మాత్రం తెర కట్టిన ఎత్తైన పీఠం మీద కూర్చుని ఉంటాడు. నేల మీద కూర్చోవడం ఆనాటి దొరతనానికి తగదు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. 1123లో చైనా సాంగ్ చక్రవర్తి రాయబారంతో, అప్పటి కొరియా రాజ్యమైన గోర్యో రాజధానికి వచ్చిన షు జింగ్ అక్కడి పడకల గురించి రాస్తూ, పెద్దింటి వాళ్ళకు మంచాలు, పరుపులు ఉన్నాయనీ, సామాన్యులు మట్టి తిన్నె కింద గుంట తవ్వి నిప్పు పెట్టి దాని మీద పడుకుంటారనీ చెప్పాడు. తాంగ్ చరిత్రకారులు చెప్పిందీ షు జింగ్ కళ్ళారా చూసిందీ ఒక్కటే. వేడి నేల బీదవాళ్ళది.

గది మొత్తం నేల వేడెక్కే పద్ధతి గోర్యో కాలంలో మెల్లగా రూపుదిద్దుకుంది. బౌద్ధారామాలు దీనికి తోడ్పడి ఉంటాయి. చలికాలమంతా కదలకుండా ధ్యానంలో కూర్చునే భిక్షువులకు ఇంతకన్నా కావలసిందేముంది? జిరి పర్వతం మీది చిల్బుల్సా ఆలయంలో ఒక ధ్యానమందిరం ఉంది. దాన్ని ఒకసారి రాజేస్తే నూరు రోజులు వెచ్చగా ఉండేదని చెప్పుకుంటారు. నూరు రోజుల మాట ఐతిహ్యమే. పాత కట్టడం 1951లో కాలిపోయింది, తర్వాత మళ్ళీ కట్టారు. మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఆ ఆలయం పేరులోని ఏడుగురు బుద్ధులు, భారతదేశం నుంచి ఓడలో వచ్చిందని కొరియన్లు నమ్మే రాణి హో హ్వాంగ్-ఓక్ కొడుకులేనని స్థలపురాణం. ఇది చరిత్రకు నిలిచే మాట కాదు, అక్కడి జనం మనసులో ఉన్న బంధుత్వం మాత్రమే.

1392లో మొదలైన జోసన్ రాజ్యంలో అసలు మలుపు వచ్చింది. అయితే మొదట్లో అక్కడ కూడా ఓండోల్ గది రోగులకు, ముసలివాళ్ళకు ఇచ్చే సదుపాయమే. పదిహేనో శతాబ్దం తొలి దశకాల్లో రాజధానిలోని జాతీయ విద్యాపీఠం సంగ్‌గ్యున్‌గ్వాన్‌లో జబ్బుపడిన విద్యార్థుల కోసం వెచ్చని గదులు కట్టమని ఆజ్ఞలు వెలువడ్డాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న విద్యార్థులు చెక్క నేల మీదో మట్టి నేల మీదో చలికి ముడుచుకుని చదువుకునేవాళ్ళన్నమాట. పద్దెనిమిదో శతాబ్దపు పండితుడు యి ఇక్ (1681–1763) పెద్దల నోట విన్న మాటగా ఒక సంగతి నమోదు చేశాడు. తన కాలానికి నూరేళ్ళ ముందు పెద్ద పెద్ద ఉద్యోగుల ఇళ్ళలో కూడా ఓండోల్ గదులు ఒకటో రెండో ఉండేవట. అవీ ముసలివాళ్ళకు, రోగులకు. మిగతా కుటుంబమంతా చెక్క నేల మీద తెరలు, తడికలు చుట్టూ కట్టుకుని బతికేది. ఈ ఒక్క సాక్ష్యం చాలు, రెండు వేల ఏళ్ళ అఖండ సంప్రదాయమన్న మాటను కాస్త పక్కన పెట్టి ఆలోచించడానికి. మార్పు పదిహేడో శతాబ్దంలో వేగం పుంజుకుంది. ఇంజో రాజు కాలంలో అంతఃపురపు చెక్క గదులు కూడా ఓండోల్‌గా మారాయి. 1653లో ఓడ పగిలి జెజు దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చి, 1666 దాకా కొరియాలో చిక్కుకుపోయిన డచ్చి ఉద్యోగి హెండ్రిక్ హామెల్, తప్పించుకుని వెళ్ళాక రాసిన వృత్తాంతంలో నేల కింద రోజూ మంట పెట్టి, నూనె కాగితం పరిచిన గదుల గురించి చెప్పాడు. అతను చూసే నాటికి అది దేశమంతటి అలవాటుగా కనిపించింది.

ఎందుకు అప్పుడే? చాలామంది ఇచ్చే జవాబు వాతావరణం. పదిహేడో శతాబ్దంలో భూగోళపు ఉత్తరార్ధం బాగా చల్లబడింది. కొరియాలో పంటలు వరసగా పోయి 1670–71లో ఘోరమైన కరువు వచ్చింది, వేసవిలో మంచు పడిన సంగతులు రాజ్య దినచర్యల్లో ఎక్కాయి. కాబట్టి చలి పెరిగింది, వేడి నేల పెరిగింది అంటారు. ఇందులో నిజం ఉంది, కానీ ఇది సగమే. చలి ఒక్క కొరియాకే పెరగలేదు. జపాన్‌కూ పెరిగింది, అక్కడివాళ్ళు నిప్పుగూడు మీద రజాయి కప్పుకుని దాని చుట్టూ కాళ్ళు దాచుకున్నారు, నేల జోలికి పోలేదు. నేల వేడి వాళ్ళకు తెలియకా కాదు. ఒత్సు నగరం దగ్గర ఏడో శతాబ్దపు కొరియా వలసవాసుల ఇళ్ళలో ఓండోల్ శిథిలాలు దొరికాయి, ఆ విద్య మాత్రం వాళ్ళతోనే అంతరించింది. ఐరోపాకూ చలి పెరిగింది, అక్కడ గోడలో పొగగొట్టపు పొయ్యిలు, పింగాణీ పొయ్యిలు వచ్చాయి. చలి అందరినీ తరిమింది, ఎవరు ఎటు పరిగెత్తాలన్నది మాత్రం వాళ్ళ ఇంటి బతుకు నిర్ణయించింది. కొరియాలో సేవకులు, కూలీలు, రైతులు అప్పటికే వెచ్చని నేల మీద పడుకుంటున్నారు. ఆ నేల కట్టే పనివాళ్ళు ఊరూరా ఉన్నారు. దొర చేయవలసిందల్లా పీఠం దిగి తన పాలేరు కూర్చున్నట్టు కూర్చోవడమే. ఒకసారి దిగాక మళ్ళీ ఎక్కలేదు. గదులు చిన్నవయ్యాయి, పైకప్పులు కిందికి దిగాయి, పొడుగు కాళ్ళ సామాను పొట్టిదైపోయింది. దక్షిణాన వేసవి కోసం కట్టుకునే చెక్క వసారా, ఉత్తరాన చలికోసం కట్టుకునే వేడి గది ఒకే కప్పు కింద పక్కపక్కన చేరాయి. కొరియా ఇల్లు అని మనం ఇవాళ గుర్తుపట్టే ఇంటికి ఆ రూపం వచ్చింది అప్పుడే.

రోమ్‌తో పోల్చి చూస్తే ఈ వాదన ఇంకా స్పష్టమవుతుంది. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దం నాటికే రోమన్లు నేల కింద వేడిగాలి పంపే హైపోకాస్ట్ కట్టడంలో ఆరితేరారు. విట్రూవియస్ తన వాస్తుగ్రంథంలో రెండడుగుల ఎత్తు ఇటుక స్తంభాల మీద నేల ఎలా నిలపాలో, నిప్పు వైపు ఎంత వాలు ఇవ్వాలో కూడా వివరించాడు. పాంపేయి స్నానశాలల్లో ఆ స్తంభాలను ఈ రోజుకూ చూడవచ్చు. నిర్మాణ కౌశలంలో అది ఓండోల్‌కు తీసిపోదు, గోడల్లో కూడా వేడిగాలి పోనిచ్చింది కాబట్టి కొన్ని విషయాల్లో మిన్న. అయినా పశ్చిమ ఐరోపాలో రోమ్ సామ్రాజ్యం కూలగానే అది కనుమరుగైంది. దానికి కారణం విద్య మరిచిపోవడం కాదని నా అభిప్రాయం. హైపోకాస్ట్ పట్టణ స్నానశాలలకు, సంపన్నుల భవనాలకు చెందింది. దాన్ని రాజేయడానికి బానిసలు కావాలి, బళ్ళకొద్దీ కట్టెలు కావాలి. దాని మీద ఎవరూ అన్నం వండుకోలేదు, ఎవరూ నేల మీద పడుకోలేదు. రోమన్ తినేటప్పుడు కూడా ఎత్తు సోఫా మీద వాలేవాడు. రాజ్యం పోయి, బానిసలు పోయి, డబ్బు పోయేసరికి నేల చల్లబడింది. తూర్పున అది హమాంలలో బతికింది. ఆ స్నానశాల సంప్రదాయమే అరబ్బు, పర్షియా దేశాల మీదుగా మన దాకా వచ్చింది. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఉన్న హమాం ఆ దూరపు బంధువే. అయినా అది స్నానానికే పరిమితం. జనం కాపురం చేసే గదిలోకి రాలేదు కాబట్టి జనంతో పాటు కొనసాగలేదు.

వేడి నేల అందరిదీ కావడానికి కొరియా అడవులు మూల్యం చెల్లించాయి. ఈ సంగతి దాచడం చరిత్రకు ద్రోహం. ఇంటికి ఒకటో రెండో గదులున్నంత కాలం వంట పొయ్యి మిగులు వేడి సరిపోయింది. ప్రతి గదికీ ఓండోల్ వచ్చాక ప్రతి గదికీ విడిగా పొయ్యి వచ్చింది. జనాభా పెరిగింది. పైన్ చెట్లను కాపాడడానికి రాజ్యం కొండలను నిషిద్ధం చేసింది, పల్లెల్లో రైతులు తామే సంఘాలుగా ఏర్పడి చెట్లకు కాపలా కాశారు, ఏదీ నిలవలేదు. కట్టె దొరకనివాళ్ళు ఎండుటాకులు, గడ్డి, చెట్టు వేళ్ళు ఊడ్చుకుపోయారు. దాంతో నేల బలం కూడా పోయింది. ఆ దేశపు మేధావులే దీన్ని ముందుగా గుర్తించారు. 1780లో చైనా వెళ్ళివచ్చిన పాక్ జి-వోన్ తన ప్రయాణ గ్రంథంలో అక్కడి ఇటుక కాంగ్‌నూ తమ ఓండోల్‌నూ పక్కపక్కన పెట్టి, తమ దాంట్లో ఆరు లోపాలు ఎంచి చూపాడు. రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటాయి, సందుల్లోంచి పొగ కారుతుంది, పొయ్యి నోరు పెద్దది, కట్టె ఎక్కువ తింటుంది. తర్వాతి తరంలో సో యు-గు (1764–1845) కూడా తన బృహద్గ్రంథంలో ఓండోల్ వల్ల కలిగే నష్టాల జాబితా రాస్తూ కట్టెల ఖర్చు, బోడికొండల సంగతి ప్రస్తావించాడు. 1890ల్లో కొరియా తిరిగిన ఆంగ్ల యాత్రికురాలు ఇసబెల్లా బర్డ్ బిషప్ సత్రాల్లో కాలిపోతున్న నేల మీద పడుకోలేక అవస్థపడింది. ఆమె పుస్తకంలో చెట్లు లేని కొండల ప్రస్తావన కూడా ఉంది.

అయితే నేరమంతా ఓండోల్ మీద మోపితే అన్యాయమవుతుంది. కొరియాను ఆక్రమించిన జపాన్ పాలకులు 1910లో జరిపిన అటవీ లెక్కల్లో, అడవి భూమిగా గుర్తించిన దాంట్లో సుమారు నాలుగో వంతులో చెట్టన్నది లేదని తేలింది. దానికి వాళ్ళు చెప్పిన కారణాల్లో జనం ఇళ్ళను అతిగా కాచుకోవడం ఒకటి. పాలించేవాడికి ఇది చాలా అనుకూలమైన కారణం. కొండ మీద అడవి నరికి కాల్చి పంట వేసుకున్న బక్కరైతులున్నారు, ఉప్పు వండేందుకు, ఓడలకు, కుండల బట్టీలకు పోయిన కలప ఉంది, నిషిద్ధ కొండలను తమ సొంతం చేసుకున్న అధికారులున్నారు. ఆ తర్వాత యుద్ధాల కోసం అడవులు నరికింది ఆ జపాన్ పాలకులే. ఓండోల్ కూడా దోషే, ఒక్కటే దోషి మాత్రం కాదు. పాక్ జి-వోన్ దాన్ని తీసేయమనలేదన్నది గమనించాలి. ఇటుకతో మెరుగ్గా కట్టుకుందామన్నాడు. లోపాలు ఎంచినవాడు కూడా చల్లని నేల మీద బతకడం ఊహించలేకపోయాడు.

ఆ అలవాటు ఎంత లోతుగా పాతుకుందో 1937 చెబుతుంది. ఆ ఏడు స్టాలిన్ ప్రభుత్వం సోవియట్ తూర్పు సరిహద్దులో ఉన్న కొరియన్లందరినీ, దాదాపు 1,70,000 మందిని, రైళ్ళలో కుక్కి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లకు తరలించింది. ఉష్టోబె దగ్గరి గడ్డి మైదానంలో దించినవాళ్ళకు తలదాచుకోవడానికి గుడిసె కూడా లేదు. చలికాలం ముందుంది. వాళ్ళు గుట్ట వాలున నేలలో గుంటలు తవ్వుకుని, లోపల మట్టితో పొగ కాలువలు కట్టుకుని, దొరికిన రెల్లు కాల్చి ఆ శీతాకాలం గట్టెక్కారు. బట్టలు, గింజలు, పసిపిల్లలతో దిగినవాళ్ళు తమ వెంట తెచ్చుకున్న వాస్తువిద్య ఇదొక్కటే. సర్వం పోగొట్టుకున్న మనిషి చేతిలో ఆ విద్య మళ్ళీ తన పుట్టింటికి, బీదవాడి గుంట దగ్గరికి చేరింది.

కొరియా యుద్ధం ముగిసే నాటికి దక్షిణాన కొండలు నిజంగా బోడిగా ఉన్నాయి. హెక్టారు అడవిలో ఉన్న కలప సగటున ఆరు ఘనపు మీటర్లు. కట్టెలు నగరాల్లోకి రాకుండా ప్రభుత్వం కట్టడి చేసింది. కట్టె స్థానంలో బొగ్గు బిళ్ళ వచ్చింది. నిలువునా రంధ్రాలున్న గుండ్రటి దిమ్మ, యోన్‌టాన్ అంటారు. తర్వాతి రోజుల్లో స్థిరపడిన ఇరవై రెండు రంధ్రాల బిళ్ళ 3.6 కిలోలు తూగేది. పాత రాతి నేల కిందే దాన్ని తోసి మండించారు. నడిరాత్రి లేచి, కింది బిళ్ళ బూడిద కాకముందే రంధ్రాలకు రంధ్రాలు కలిసేలా పైన కొత్తది పెట్టడం ఇల్లాలి పని. ఆరిపోతే మళ్ళీ రాజేయడం గగనం. కాలిన బిళ్ళల బూడిదను మంచు గడ్డకట్టిన సందుల్లో కాళ్ళు జారకుండా చల్లేవాళ్ళు. అడవులు దీనివల్ల ఊపిరి పీల్చుకున్నాయి. 1973లో మొదలైన పదేళ్ళ చెట్ల పెంపక ప్రణాళిక ఆరేళ్ళలోనే పూర్తయింది. ఇవాళ హెక్టారుకు కలప 160 ఘనపు మీటర్లు దాటింది. మనుషులు మాత్రం చచ్చిపోయారు. బొగ్గు సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నేల కాగితంలో ఒక్క చీలిక చాలు, కుటుంబం కుటుంబం నిద్రలోనే పోయేది. 1960ల నుంచి 1980ల దాకా ప్రతి శీతాకాలం దినపత్రికల్లో ఈ చావుల వార్తలు మామూలైపోయాయి. సొమ్మసిల్లినవాళ్ళకు ముల్లంగి ఊరగాయ నీళ్ళు పట్టించడం అందరికీ తెలిసిన చిట్కా, దానివల్ల ప్రాణం నిలిచేదన్న ఆధారం మాత్రం లేదు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది చవక అద్దె గదుల్లో ఉన్న ఫ్యాక్టరీ కూలీలు, చదువుకోవడానికి నగరానికొచ్చిన పిల్లలు. ఓండోల్ గొప్పతనం గురించి రాసే ఎవరైనా ఈ చావులను రెండు ముక్కల్లో దాటేయకూడదు. ఇంత ప్రమాదం తెలిసి కూడా జనం వెచ్చని నేలను వదలలేదు. పొగ రాని దారి వెతికారు.

ఆ దారి నీళ్ళు. ఇక్కడే చివరి అభ్యంతరం ఎదురవుతుంది. ఇవాళ్టి కొరియా ఇంట్లో ఉన్నది పాశ్చాత్య ఇంజనీర్లు కనిపెట్టిన వేడినీటి గొట్టాల పద్ధతి, దానికి ఓండోల్ పేరెందుకు అని. సిమెంటులో సన్నటి వేడినీటి గొట్టాలు పూడ్చే పద్ధతికి బ్రిటన్‌లో ఆర్థర్ బార్కర్ 1907లోనే హక్కులు పొందిన మాట వాస్తవం. కానీ ఆ పాశ్చాత్య కథలోనే కొరియా గది ఒకటుంది. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో ఇంపీరియల్ హోటల్ పని మీద ఉన్నప్పుడు, వ్యాపారవేత్త ఓకురా కిహాచిరో ఇంట్లో విందుకు వెళ్ళాడు. చలికి వణుకుతూ భోంచేశాక అతిథులను కొరియా గది అనే గదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ పొయ్యి కనపడలేదు, గాలి వీచలేదు, హాయి మాత్రం ఒళ్ళంతా కమ్మిందని తర్వాత తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ గది సియోల్‌లోని గ్యోంగ్‌బోక్ రాజప్రాసాదంలో యువరాజు నివసించిన జాసోన్‌దాంగ్ మందిరమని, ఆక్రమణ తర్వాత విప్పి ఓకురా తోటకు తరలించారని చాలామంది చరిత్రకారుల నమ్మకం. 1923 భూకంపంలో అది కాలిపోయింది, పునాది రాళ్ళు 1990ల్లో కొరియాకు తిరిగొచ్చాయి. రైట్ 1937లో విస్కాన్సిన్‌లో పూర్తి చేసిన జేకబ్స్ ఇంట్లో నేల కింద గొట్టాలు పరిచాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూయార్క్ శివార్లలో లెవిట్ సంస్థ వరసగా కట్టిన వేల ఇళ్ళలో సిమెంటు నేలలో రాగి గొట్టాలు పెట్టింది. కొన్నేళ్ళకు గొట్టాలు కారడం మొదలయ్యాక అమెరికన్లు గాలి వేడి చేసే యంత్రాలకు మళ్ళారు. గొట్టం చెడితే పద్ధతినే వదిలేశారు, ఎందుకంటే వాళ్ళు బూట్లతో తిరిగి కుర్చీలో కూర్చునేవాళ్ళు. నేల వేడి వాళ్ళకు వచ్చి చేరిన ఒక సౌకర్యం, అంతే. కొరియన్లకు గొట్టం చెడితే గొట్టం మార్చుకోవడమే దారి, నేల వదలడం కుదరదు. రాయి, కట్టె, బొగ్గు, నీరు, వీటిలో ఏది వాడినా ఆ గదిలో కూర్చునే తీరు మారలేదు. అందుకే అది ఓండోలే.

అపార్ట్‌మెంట్ల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. తొలి తరం కట్టడాల్లో ఆధునికత పేరుతో హాల్లో పాశ్చాత్య రేడియేటర్లు, పడకగదుల్లో మాత్రం ఓండోల్ పెట్టారు. జనం సోఫాలు కొన్నారు, కొని వాటికి వీపు ఆనించి నేల మీద కూర్చున్నారు. కొన్నాళ్ళకు రేడియేటర్లు పోయి హాల్లో కూడా గొట్టాలు పరిచారు. 1985లో ప్రాంతీయ తాపన సంస్థ ఏర్పడి విద్యుత్కేంద్రాల మిగులు వేడిని నీళ్ళ రూపంలో ఇళ్ళకు పంపడం మొదలైంది. 1986 నుంచి ద్రవ సహజవాయువు దిగుమతులు వచ్చి బొగ్గు బిళ్ళ వేగంగా వెనక్కి తగ్గింది. నీళ్ళ గొట్టం గది మూలమూలకూ ఒకేలా తిరుగుతుంది కాబట్టి వెచ్చటి మూల, చలి మూల అన్న తేడా చెరిగిపోయింది. ఇంటి పెద్దకు ఒక చోటు, కోడలికి ఒక చోటు అని నేలే నిర్ణయించే రోజులు పోయాయి. దీన్ని నష్టంగా తలచి బాధపడేవాళ్ళున్నారు. నేను అలా అనుకోను. మాడిన కాగితం పక్కన కూర్చునే హక్కు ఎవరికో ఒకరికే ఉండడం కన్నా గది అంతా సమంగా వెచ్చబడడం మేలు.

2018లో దక్షిణ కొరియా ప్రభుత్వం ఓండోల్ సంస్కృతిని 135వ జాతీయ అమూర్త వారసత్వంగా ప్రకటించింది. ఇలాంటి గుర్తింపు ఇచ్చినప్పుడు మామూలుగా ఆ విద్య తెలిసిన ఒక నిపుణుడినో బృందాన్నో దానికి ప్రతినిధిగా నియమిస్తారు. ఓండోల్‌కు మాత్రం ఎవరినీ నియమించలేదు, దేశంలో ప్రతి ఇల్లూ దాన్ని వాడుతోంది కాబట్టి.